వేర్వేరు సబ్జెక్టుల పీర్ మెంటార్లకు ఒకే శిక్షణ సరిపోతుందా?

ప్రశ్న:
నమస్కారం. మా విశ్వవిద్యాలయంలో గణితం, రసాయనశాస్త్రం, చరిత్ర, ప్రోగ్రామింగ్ కోర్సులు చదివే మొదటి సంవత్సరం విద్యార్థులకు తోడ్పడేందుకు, ఆ కోర్సులను బాగా పూర్తిచేసిన సీనియర్లను మెంటార్లుగా తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు. సెమిస్టర్ మొదలయ్యే ముందు అందరికీ కలిపి రెండు రోజుల శిక్షణ ఇవ్వాలన్నది ఆలోచన. అయితే లెక్క చేయడంలో సాయపడేవారికీ, వ్యాసం రాసుకోవడంలో సాయపడేవారికీ ఒకే శిక్షణ పనికివస్తుందా అన్న సందేహం నన్ను వదలడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం (కార్యక్రమ సమన్వయకర్త):
సబ్జెక్టు ఏదైనా మెంటారుకు తప్పనిసరిగా రావలసినవి కొన్ని ఉన్నాయి: జవాబు చెప్పేయకుండా ప్రశ్న అడగడం, అడిగాక ఆగడం, నోరు మెదపని విద్యార్థిని చర్చలోకి తీసుకురావడం. వీటిలో ఆగడమే అన్నిటికన్నా కష్టం. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారనీ, దాన్ని మూడు సెకన్లకు పెంచితే విద్యార్థులు మరింత వివరంగా, కారణాలతో సహా జవాబు చెబుతున్నారనీ మేరీ బడ్ రో పరిశోధనలు 1970వ దశకంలోనే చూపాయి. ఇటువంటివి ఉమ్మడి శిక్షణలో జంటలుగా సాధన చేయించవచ్చు.

సబ్జెక్టుకు సంబంధించిన భాగాన్ని మాత్రం ముందుగానే నేర్పి ముగించడం కుదరదు. కొలరాడో విశ్వవిద్యాలయపు బౌల్డర్ ప్రాంగణంలో రూపుదిద్దుకున్న లెర్నింగ్ అసిస్టెంట్ విధానంలో మెంటార్లు ప్రతివారం కోర్సు అధ్యాపకులతో కూర్చుని రాబోయే పాఠానికి సిద్ధమవుతారు. వేర్వేరు సబ్జెక్టులవారు కలిసి బోధన గురించిన కోర్సు ఒకటి విడిగా చదువుతారు. మీ సందేహానికి ఇదే తగిన జవాబు అని నా నమ్మకం.

సమాధానం (గణిత అధ్యాపకురాలు):
వారంవారం సమావేశం ఎందుకు అవసరమో ఒక ఉదాహరణ చెబుతాను. (క + 3) వర్గాన్ని క వర్గం + 9 అని రాసే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉంటారు. సూత్రం గుర్తుచేస్తే ఆ పూటకు దిద్దుకుంటారు, మరునాడు మళ్ళీ అదే రాస్తారు. దానికి బదులు క స్థానంలో 1 పెట్టి చూడమంటే ఒకవైపు 16, మరోవైపు 10 వస్తాయి. తప్పు ఎవరూ చెప్పకుండానే కంటికి కనిపిస్తుంది. ఏ పాఠంలో ఏ పొరపాటు వస్తుందో, అక్కడ ఏ ప్రశ్న అడగాలో ఏళ్ల తరబడి జవాబు పత్రాలు దిద్దిన అధ్యాపకులకే బాగా తెలుసు. చరిత్రలో అడగవలసిన ప్రశ్న వేరు: ఈ పత్రం ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అని అడగాలి. ‘ప్రశ్నలు అడగండి’ అని మాత్రమే నేర్పి పంపితే మెంటారుకు ఏ ప్రశ్న అడగాలో తోచదు.

సమాధానం (ప్రోగ్రామింగ్ కోర్సు పూర్వ మెంటారు):
మాకు పెట్టిన నియమాల్లో ఎక్కువగా ఉపయోగపడినది, కీబోర్డు ఎప్పుడూ విద్యార్థి చేతిలోనే ఉండాలన్నది. లూప్ ఎక్కడ తప్పుతోందో మెంటారుకు చూడగానే తెలుస్తుంది కాబట్టి, తానే సరిచేయాలని చేయి లాగుతుంది. అలా కాకుండా ప్రతి దశలో చరరాశి విలువ ఎంతో విద్యార్థి చేత కాగితంపై రాయిస్తే తప్పు తనకే దొరుకుతుంది. దీనితోపాటు మార్కులు వేసే అసైన్‌మెంట్లలో ఎంతవరకు సాయపడవచ్చో, విద్యార్థి తీవ్రమైన మనోవేదనలో ఉన్నట్టు కనిపిస్తే ఎవరికి తెలియజేయాలో రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ భారం సాటి విద్యార్థి ఒక్కరి మీదే పడకూడదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ప్రతివారం సమయం ఇవ్వడానికి అన్ని శాఖల అధ్యాపకులూ ముందుకు రాకపోవచ్చు. అప్పుడు ఎలా?

సమాధానం (కార్యక్రమ సమన్వయకర్త):
అన్ని కోర్సులతో ఒకేసారి మొదలుపెట్టకండి. 1973లో మిస్సోరి విశ్వవిద్యాలయపు కాన్సస్ సిటీ ప్రాంగణంలో డియానా మార్టిన్ ఆరంభించిన సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అనే పీర్ మెంటార్ల కార్యక్రమం, వెనుకబడిన విద్యార్థులను కాక, ఎక్కువమంది తప్పుతున్న కోర్సులను ఎంచుకుంటుంది. దాంతో సాయానికి వచ్చేవారికి చిన్నతనం ఉండదు. మెంటారు కూడా ఆ తరగతిలో మళ్ళీ కూర్చుని పాఠం వింటారు కనుక, అధ్యాపకులు ఏం చెప్పారో విడిగా అడిగి తెలుసుకోవలసిన పని తగ్గుతుంది. మీ దగ్గర అటువంటి కోర్సులు ఏవో చూసి, వాటిలో అధ్యాపకులు మనస్ఫూర్తిగా ఒప్పుకున్న ఒకటి రెండింటితో ఈ సెమిస్టర్ నడపండి. సమయం ఇవ్వలేని శాఖలకు ఇప్పుడే మెంటార్లను పంపవద్దని నా సలహా.