ప్రసంగం మధ్యలో అరిచే సభ్యుడికి శిక్ష వేయాలంటే, నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలి?

ప్రసంగాలకు అడ్డుతగిలే ప్రజాప్రతినిధులను శిక్షించాలనే పక్షాన డిబేట్‌లో మాట్లాడాలి. వాదన ఒకచోట ఇరుక్కుపోయింది.

ముందు అమెరికా ఉదాహరణలు తీసుకున్నాను. 2009 సెప్టెంబర్‌లో ఒబామా ప్రసంగిస్తుంటే ప్రతిపక్ష రిపబ్లికన్ సభ్యుడు జో విల్సన్ "అబద్ధం చెబుతున్నారు" అని అరిచారు. అరిచింది ఒక్క మాటే, ఆ రాత్రే క్షమాపణ కూడా చెప్పారు. అయినా ప్రతినిధుల సభ 240-179 ఓట్లతో తప్పుపట్టింది. 2025 మార్చిలో ట్రంప్ ప్రసంగిస్తుంటే ప్రతిపక్ష డెమోక్రాట్ సభ్యుడు ఆల్ గ్రీన్ లేచి అరిచారు, కూర్చోమన్నా వినలేదు. బయటికి పంపేశారు, రెండు రోజుల తర్వాత 224-198తో సెన్షర్ చేశారు (అంటే సభ అధికారికంగా అభిశంసించింది). రెండుసార్లూ ఓట్లు దాదాపు పార్టీల వారీగానే పడ్డాయి. అంటే శిక్ష తప్పును బట్టి కాదు, మెజారిటీని బట్టి! ఎదుటివాళ్లు పట్టుకునేది సరిగ్గా ఇదే.

తర్వాత లోక్‌సభ 374ఎ నిబంధన చూశాను. అదేపనిగా నినాదాలతో సభను అడ్డుకునే సభ్యుడి పేరు స్పీకర్ ప్రకటిస్తే చాలు, సభ జరిగే ఐదు వరుస రోజులకు లేదా సెషన్ ముగిసేదాకా, ఏది తక్కువైతే అంతవరకు సస్పెన్షన్. ఓటింగ్ గొడవ లేదు, బాగుంది. కానీ స్పీకర్ కూడా సాధారణంగా అధికార పక్షం మనిషే కదా.

మెజారిటీ ఓటుకీ, స్పీకర్ విచక్షణకీ వదలకుండా ఈ శిక్షను నిర్ణయించే పద్ధతి ఏ దేశపు చట్టసభలోనైనా ఉందా?