ట్రావెల్ ట్రెయిలర్ స్క్రూల మీద సీలెంట్ పూస్తే చాలా, పట్టీ మొత్తం ఊడదీయాలా?

ప్లేనో_కుటుంబం:
మేం డాలస్ దగ్గర ఉంటాం. పాత ట్రావెల్ ట్రెయిలర్ ఒకటి కొన్నాం. బయట అల్యూమినియం రేకు, లోపల చెక్క ఫ్రేమ్. ముందు వైపు మూల పట్టీలో ఉండే వినైల్ స్ట్రిప్ కుంచించుకుపోయి బయటికి వచ్చేసింది. దాని కింద స్క్రూలన్నీ తుప్పు పట్టాయి, రేకు మీద గోధుమరంగు చారలు దిగాయి. లోపలి గోడ మీద చెమ్మ ఏమీ కనబడటం లేదు. ప్రతి స్క్రూ తల మీద సీలెంట్ చుక్క పెట్టి కొత్త వినైల్ తొడగమని ఒకరు, పట్టీ మొత్తం ఊడదీసి మళ్లీ వేయమని ఇంకొకరు చెప్పారు. ఏది సరైనది?

హ్యూస్టన్_బాబాయ్:
సిలికాన్ ట్యూబు ఒకటి తెచ్చి స్క్రూల మీద, పట్టీ అంచుల వెంట పూసేయండి. బాత్రూమ్‌లో ఏళ్ల తరబడి నిలిచేది ఇక్కడెందుకు నిలవదు? ఒక్క పూటలో అయిపోతుంది.

రేకు_చెక్క:
బాబాయ్ గారూ, సిలికాన్ మాత్రం వద్దు. బాత్రూమ్ గోడ కదలదు, ట్రెయిలర్ కదులుతుంది. ఆరు మీటర్ల అల్యూమినియం 40 డిగ్రీల తేడాకి అర సెంటీమీటరు దాకా సాగుతుంది. టెక్సస్ ఎండలో రేకు వేడెక్కి రాత్రికి చల్లబడితే ఆ మాత్రం తేడా వచ్చేస్తుంది. దానికి రోడ్డు మీద అదురు తోడు. సిలికాన్ ఒక అంచున లేచినా పైకి తెలియదు, దాని కింద నీళ్లు నిలుస్తాయి. అసలు ఇబ్బంది ఆ తర్వాతే మొదలవుతుంది. పాత సిలికాన్ పొర మీద ఇంకే సీలెంటూ అంటదు, కొత్త సిలికానూ సరిగా అంటదు. రేపు ఎవరు రిపేరు చేసినా గంటల తరబడి గీకాలి. వెనిగర్ వాసన వచ్చే రకమైతే ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం జింకు పూత స్క్రూలను తినేస్తుంది కూడా.

ఇక అసలు ప్రశ్న. స్క్రూ తలను మూసినంత మాత్రాన రంధ్రం మూసినట్టు కాదు. పట్టీకీ రేకుకీ మధ్య ఫ్యాక్టరీలో పెట్టిన పుట్టీ ఎండి పగిలితే, నీళ్లు పట్టీ వెనక నుంచి స్క్రూ ఒంటి దాకా వచ్చి, దాని వెంటే చెక్కలోకి దిగుతాయి. పైన చుక్క పెడితే ఆ దారి అలాగే ఉంటుంది. పైగా లోపలికి వెళ్లిన నీరు ఆరదు. అందుకే నా ఓటు ఊడదీయడానికే. పాతదంతా గీకి, స్పిరిట్‌తో తుడిచి, పట్టీ వెనక బ్యూటైల్ టేపు (జిగటగా, మెత్తగా ఉండే రబ్బరు టేపు) పరిచి బిగించాలి. బ్యూటైల్ ఏళ్ల తరబడి మెత్తగానే ఉంటుంది, స్క్రూ దాన్ని చీల్చుకుంటూ వెళ్లేటప్పుడు చుట్టూ పట్టుకుంటుంది.

న్యూజెర్సీ_సుజాత:
రేకు_చెక్క గారూ, మీరు చెప్పింది బాగుంది గానీ అందరికీ అదే వైద్యం అంటే ఒప్పుకోను. తుప్పు పట్టిన స్క్రూ తీస్తుంటే తల విరిగిపోతుంది, పట్టీ వంగిపోతుంది. బాగున్న మూలను కెలికి కొత్త లీకు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. చెక్క పొడిగా ఉంటే స్క్రూలు ఒక్కొక్కటే మార్చి, తలల మీద సాగే గుణమున్న సీలెంట్ పెట్టి, ఏటా రెండుసార్లు చూసుకుంటే చాలదా?

రేకు_చెక్క:
చెక్క పొడిగా ఉందని తేలితే, చాలు అక్కా. కానీ లోపలి గోడ చూసి ఆ మాట అనలేం, ప్యానెల్ మీద మరక పడేసరికి ఫ్రేమ్ ఎప్పుడో మెత్తబడి ఉంటుంది. ప్లేనో గారూ, మూలలో అన్నిటికన్నా కింది స్క్రూలు రెండు తీసి చూడండి, నీరు చేరేది అక్కడికే. స్క్రూ మరలకు (గాడులకు) నల్లటి తడి పొట్టు అంటుకుని వస్తే, లేదా స్క్రూ పట్టు లేకుండా ఊరికే తిరిగితే, పట్టీ ఊడదీయాల్సిందే. లోపలి వైపు సూదుల తేమ మీటరు గుచ్చండి, 20 శాతం దాటితే అనుమానించాలి.

హ్యూస్టన్_బాబాయ్:
సరే, సిలికాన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. మరి స్క్రూలు స్టెయిన్‌లెస్ వేయాలా? అల్యూమినియంతో పడదంటారు కదా.

న్యూజెర్సీ_సుజాత:
ఉప్పు నీరు తగిలితే పడదు. మా వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, స్క్రూ చుట్టూ అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంది. డాలస్‌లో ఆ బెంగ తక్కువ. మధ్యలో బ్యూటైల్ ఉంటే లోహాలు నేరుగా తగలడమూ తగ్గుతుంది. స్టెయిన్‌లెస్సే వేసుకోండి.

ప్లేనో_కుటుంబం:
కింది స్క్రూలు తీశాం. ఒకటి వేలితోనే వచ్చేసింది, మరల నిండా నల్లటి పొట్టు. మీటరు లోపలి వైపు 26 చూపిస్తోంది. పట్టీ ఊడదీస్తున్నాం. వదులైన రంధ్రాలకు ఏం చేయాలి?

రేకు_చెక్క:
మెత్తబడిన చెక్క కోసి కొత్త ముక్క వేయండి, అక్కడ రంధ్రంలో పుల్లలు దూర్చి జిగురు పెడితే పని చేయదు. చెక్క గట్టిగా ఉండి రంధ్రం మాత్రమే వదులైతే ఒక సైజు లావు స్క్రూ వేయండి. డ్రిల్‌తో కాకుండా చేత్తో బిగించండి. బ్యూటైల్ ఎండకు నిలవదు కాబట్టి పట్టీ పై అంచున, పక్కల్లో గోడలకు వాడే రకం సీలెంట్ గీయండి. పైకప్పుకు వాడే తనంతట పరుచుకునే రకం గోడ మీద జారిపోతుంది. కిటికీ ఫ్రేముల కింద నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని మాత్రం మూయకండి. రెండు మూడు ఎండలు తగిలాక స్క్రూలు మళ్లీ కొద్దిగా బిగించి, బయటికి ఉబికిన బ్యూటైల్‌ను ప్లాస్టిక్ బద్దతో తీసేసి, ఆ తర్వాతే వినైల్ తొడగండి.