కింద పడ్డ హార్డ్ డ్రైవ్: ఇంట్లో ప్రయత్నించవచ్చా, ముట్టుకోకూడదా?

చిన్నరైలు, పర్లాకిమిడి
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి నౌపడా–గుణుపురం చిన్న రైలంటే ప్రాణం. 2004లో నేరోగేజ్ బండి ఆగిపోయేదాకా ఆయన తీసిన ఫోటోలు మూడు ఆల్బములు అయ్యాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా ఇంటి రేకులు లేచిపోయి ఆ ఆల్బములు నానిపోయాయి. అదృష్టం కొద్దీ అంతకుముందే స్కాన్ చేయించి 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డ్రైవులో పెట్టాం. రెండో కాపీ లేదు. తిట్టకండి, ఇంట్లో ఆ పని అయిపోయింది.

పోయిన ఆదివారం మేనల్లుడి కాలికి వైరు తగిలి, నడుస్తున్న డ్రైవు బల్ల మీంచి గచ్చు మీద పడింది. ఇప్పుడు పెడితే లైటు వెలుగుతోంది, తిరుగుతున్న చప్పుడు వస్తోంది, టకటకలు లేవు. కాసేపటికి 'ఫార్మాట్ చేయాలి' అంటోంది. ఇక్కడి షాపాయన ఒడియాలో 'హొయిజిబ' (అయిపోతుంది) అనేసి విప్పి చూస్తానన్నాడు. పెద్ద ఊళ్లోని డేటా రికవరీ ల్యాబ్ వాళ్లు ఫోనులో 18 వేల నుంచి 30 వేల దాకా చెప్పారు. నేనే ఏమైనా చేసుకోవచ్చా?

కొండగాలి, రాయగడ
కవరులో చుట్టి ఒక రాత్రి ఫ్రీజర్లో పెట్టండి అన్నా. మా ఫ్రెండుది అలాగే వచ్చింది.

బరంపురం బాబాయ్
ఫ్రీజర్ మాట ఎత్తొద్దు తమ్ముడూ. పాత కాలం డ్రైవుల్లో బిగుసుకుపోయిన భాగం చలికి కాస్త వదిలి, ఒకటి రెండుసార్లు తిరిగి ఉండొచ్చు. కానీ బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. లోపల తిరిగే పళ్లెం లాంటి ప్లాటరుకీ, దాన్ని చదివే హెడ్డుకీ మధ్య ఉండే ఖాళీ వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అక్కడ నీటి బొట్టు పడితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. బియ్యం డబ్బాలో పెట్టడమూ ఇలాంటిదే. అది తడిసిన ఫోనుకి చెప్పే చిట్కా, అక్కడా పెద్దగా పనిచేయదు.

చిన్నరైలు గారూ, షాపులో మూత మాత్రం తీయనివ్వకండి. నా పెళ్లి వీడియోలు అలాగే పోయాయి. ఒకాయన ఫ్యాను కింద కూర్చుని స్క్రూలు విప్పాడు. తర్వాత ల్యాబ్‌కి పంపితే ప్లాటరు మీద గుండ్రంగా గీత పడిందన్నారు. ఆ గీత ఉన్న చోట డేటా ఎవరూ తేలేరు. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నా మాట ఒకటే: కింద పడ్డ డ్రైవుకి కరెంటు ఇవ్వొద్దు, నేరుగా ల్యాబ్‌కి పంపండి.

లైనక్స్ మాస్టారు, గుణుపురం
మూత తీయకూడదన్న మాటకి ఒప్పుకుంటాను. నేరుగా ల్యాబ్‌కే అన్న మాటకి ఒప్పుకోను. ఈ జిల్లాల్లో 30 వేలంటే ఎంతమందికి రెండు నెలల జీతమో బాబాయ్ గారికి నేను చెప్పక్కర్లేదు. ల్యాబ్‌కే పంపాలంటే చాలామంది డ్రైవుని బీరువాలో పడేసి మర్చిపోతారు. అదీ డేటా పోవడమే.

ముందు చప్పుడు వినండి. టక్, టక్ అని కొట్టుకుంటున్నా, గీరుతున్నట్టున్నా, తిరగడానికి గింజుకుంటున్నా అది హెడ్డో మోటారో పోయిన లక్షణం. అక్కడ బాబాయ్ మాటే నా మాట. మీది అలా లేదు. కాబట్టి కేబుల్ మార్చి చూడండి, ఆ వెడల్పాటి మైక్రో పిన్ను కింద పడితే తేలిగ్గా వంగుతుంది. తర్వాత డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాంలో సి5 వరస చూడండి. అక్కడున్నది చదవలేకపోయి, ఇంకా ఏమీ తేల్చని సెక్టర్ల (డేటా ఉండే చిన్న గళ్ల) లెక్క. 'ఫార్మాట్' అంటే వద్దనండి. విండోస్‌లోని 'చెక్ డిస్క్' కూడా నడపొద్దు, అది సరిచేస్తున్నానంటూ ఆ డిస్కు మీదే రాస్తుంది.

చిన్నరైలు, పర్లాకిమిడి
కేబుల్ మార్చినా అంతే. సి5 దగ్గర సున్నా కాదు, పెద్ద అంకె ఉంది. మాస్టారూ, ఒక సంగతి దాచాను. మేనల్లుడు చెక్ డిస్క్ మొదలుపెట్టాడట, 10 శాతం దగ్గర నేను పీకేశాను.

లైనక్స్ మాస్టారు, గుణుపురం
పీకి మంచి పని చేశారు. ఇక ఆ డ్రైవుని విండోస్‌కి తగిలించకండి, తగిలించిన ప్రతిసారీ అది లోపల వెతుకుతూనే ఉంటుంది. 2 టీబీ ఖాళీ డ్రైవు ఒకటి, విండోస్ బదులు నడిచే లైనక్స్ ఉన్న పెన్ డ్రైవ్ ఒకటి సంపాదించండి. డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది ఫైళ్ల పేర్లు చూడదు, డిస్కుని ఉన్నదున్నట్టు ఇంకో చోటికి ఎత్తుతుంది. తేలిగ్గా వచ్చే చోట్లు ముందు చదివి, మొండికేసే చోట్లు వదిలేసి, ఎక్కడ ఆగిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. మధ్యలో ఆపినా మళ్లీ అక్కడి నుంచే అందుకుంటుంది. ఒక్క జాగ్రత్త: కమాండులో ముందు పాత డిస్కు, తర్వాత కాపీ వెళ్లే చోటు రాయాలి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ నాన్నగారి రైలు మీద పడుతుంది.

బరంపురం బాబాయ్
మాస్టారూ, హెడ్డు ఇప్పటికే బలహీనపడి ఉంటే? గంటల తరబడి చదివిస్తే అది మధ్యలో చస్తుంది. ఇవాళ 20 వేలకి అయ్యే పని రేపు 50 వేలకీ కాదు. పైగా ఒక్క కాపీ ఉన్న సరుకు మీద నేర్చుకోవడమేంటి?

లైనక్స్ మాస్టారు, గుణుపురం
చావొచ్చు, కాదనను. అందుకే కాపీ నడుస్తున్నంతసేపూ మనిషి పక్కనే ఉండి వినాలి. టక్ అన్న మరుక్షణం వైరు పీకి, ల్యాబ్ దారి పట్టాలి. అయినా ఏ దారిలో వెళ్లాలో డబ్బు కట్టేవాళ్లే చెప్పాలి. ఫోటోలు పోతే తట్టుకోలేననుకుంటే ఈ రాత్రే విశాఖ బండెక్కండి. కాస్త పోయినా ఫరవాలేదనుకుంటే కాపీ తీయండి.

కొండగాలి, రాయగడ
అదే కంపెనీ డ్రైవు ఇంకోటి కొని, కింద సర్క్యూట్ బోర్డు మార్చేస్తే?

బరంపురం బాబాయ్
అప్పట్లో కుదిరేది. ఇప్పుడు ఆ బోర్డు మీద చిన్న చిప్పులో ఆ డిస్కు సొంత లెక్కలు ఉంటాయి, దాన్ని కూడా ఊడదీసి కొత్తదానికి అతకాలి. అయినా పడిపోయిన డ్రైవుకి బోర్డు జోలి ఎందుకు?

చిన్నరైలు, పర్లాకిమిడి
మూడు రోజుల తర్వాత వచ్చాను. ఇంట్లో మాట్లాడుకున్నాం. అమ్మ "30 వేలు పెట్టి తెస్తే ఆయనే ఒప్పుకోడు" అంది. కాపీకే మొగ్గాం.

మొదటి రాత్రి 71 శాతం సాఫీగా వచ్చింది. టెన్షన్‌తో నిద్ర లేదు, చెవి డ్రైవు మీదే. పొద్దున్న వేగం బాగా పడిపోయింది, తర్వాత రెండుసార్లు టక్ అంది. పీకేశాను, మళ్లీ పెట్టలేదు. వచ్చిన కాపీ మీద, పోయిన ఫైళ్లు వెతికి తీసే ఫోటోరెక్ నడిపితే 340 స్కాన్లు బయటపడ్డాయి. మొత్తం 500 పైన ఉండాలి. ఫోల్డర్లు లేవు, పేర్లు లేవు, అన్నిటికీ అంకెలే.

బరంపురం బాబాయ్
340 వచ్చినందుకు సంతోషం. ల్యాబ్‌కి పంపుంటే మిగతావీ వచ్చేవని నేను ఇప్పటికీ అంటాను. డ్రైవు పారేయకండి, చేతిలో డబ్బు ఆడినప్పుడు పంపుదురు గాని. ఈ లోపు ఆ 340ని రెండు చోట్ల పెట్టండి, ఒకటి మీ ఇంట్లో ఉండకూడదు.

చిన్నరైలు, పర్లాకిమిడి
అక్కయ్య వాళ్లింటికి ఒకటి పంపాను బాబాయ్. ఇప్పుడు వేరే చిక్కు. ఒక ఫోటోలో ప్లాట్‌ఫాం మీద నాన్న, వెనక చింతచెట్టు, గంట, బోర్డు సగమే పడింది. ఇది టెక్కలా, పాతపట్నమా?

లైనక్స్ మాస్టారు, గుణుపురం
పాతపట్నం.

బరంపురం బాబాయ్
టెక్కలి. మాస్టారికి ఇదీ తెలీదు.