అంబాసిడర్ ముందు టైరు ఫెండర్‌కి రాసుకుంటోంది, ఏం చేయాలి?

మాది 1984 మార్క్ 4 అంబాసిడర్. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకుల హబ్బులు, 6 అంగుళాల వెడల్పు అల్లాయ్ రిమ్ములు వేయించి, పాత 5.90-15 టైర్ల బదులు 195/65 ఆర్15 (195 మి.మీ. వెడల్పువి) ఎక్కించాను. అప్పట్నుంచీ ఎడమ టైరు బయటి అంచు ఫెండర్‌కి, అంటే చక్రం పైనుండే రేకుకి, తగులుతోంది. నేరుగా పోతే ఏమీ లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే మాత్రం గర్రుమంటుంది. ఫెండర్ లోపల వేలెడు వెడల్పున పెయింట్ లేచి రేకు మెరుస్తోంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది.

ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగ్‌లా పనిచేసే టోర్షన్ బార్ బిగించి ఎడమ పక్క 15 మి.మీ. లేపాను. ఎత్తు కుడితో సమానమైంది, రాపిడి మాత్రం పోలేదు. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను. లోపలి వైపు టైరుకి 18 మి.మీ. ఖాళీ ఉంది. ఫెండర్ కోయించడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

చక్రాన్ని 10 మి.మీ. లోపలికి జరిపే ఆఫ్‌సెట్ రిమ్ము వేస్తే సరిపోతుందా, లేక 175 మి.మీ. వెడల్పు టైరుకి దిగాల్సిందేనా?