"నాకు సంతోషంగా ఉంది", "నేను సంతోషంగా ఉన్నాను": రెండూ ఒకటేనా?

ప్రశ్న: మనస్తత్వశాస్త్రంలో వాడే ఒక ప్రశ్నావళిని తెలుగులోకి తెస్తున్నాను. ఒకచోట "మీకు సంతోషంగా ఉందా?" అని, ఇంకోచోట "మీరు సంతోషంగా ఉన్నారా?" అని రాశాను. సరిచూసినవారు రెండూ ఒకటే, ఒకేలా మార్చమన్నారు. ఏది ఉంచమంటారు?

జవాబు: దయచేసి కలిపేయకండి. పరీక్ష పాసైన కబురు వినగానే "నాకు చాలా సంతోషంగా ఉంది" అంటాం. చాలాకాలానికి కలిసిన స్నేహితుడు "ఎలా ఉన్నావురా?" అంటే "సంతోషంగానే ఉన్నాను" అంటాం. ఆ పొద్దున్నే ఎవరితోనో గొడవపడి చిరాగ్గా ఉన్నా ఆ మాట అబద్ధం కాదు. మొదటిది కలిగిన భావం. ఆకలి, చలి, భయంలాగే అదీ "నాకు" అంటూ మొదలవుతుంది. రెండోది బతుకును మొత్తంగా బేరీజు వేసుకుని చెప్పే మాట.

(స్త్రీల విషయంలో ఈ తేడా ఎంత సన్నగా ఉంటుందో చూడండి. "ఆమె సంతోషంగా ఉంది", "ఆమెకు సంతోషంగా ఉంది". క్రియ మారలేదు, బరువంతా ఆ "కు" మీదే.)

ఆనందాన్ని కొలిచేవాళ్ళు పాటించే విభజన కూడా ఇదే. మనస్తత్వవేత్త ఎడ్ డీనర్ 1985లో సహచరులతో కలిసి ప్రచురించిన జీవిత సంతృప్తి కొలమానంలో ఉన్నవి ఐదే వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా అంకె వేయాలి. వాటిలో నవ్వు, ఏడుపు, కోపం ఊసే లేదు. వాటి గురించి తెలుసుకోవాలంటే "నిన్న" అంటూ వేరే ప్రశ్నలు వేస్తారు. 2010లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ అమెరికన్ల జవాబులను ఇలా విడదీసి చూశారు. ఆదాయం పెరిగేకొద్దీ బతుక్కి వేసుకునే మార్కులు పెరుగుతూనే పోయాయి. రోజువారీ సంతోషం మాత్రం ఏడాదికి 75,000 డాలర్ల దగ్గర ఆగినట్టు కనిపించింది. 2023లో కానెమన్ మరో ఇద్దరితో కలిసి మళ్ళీ పరిశీలిస్తే, అలా ఆగడం అందరికంటే తక్కువ సంతోషంగా ఉన్నవాళ్ళలోనే తేలింది. ప్రశ్నలను విడిగా అడిగారు కాబట్టే ఇంత చర్చ సాధ్యమైంది.

మరో సభ్యురాలు: "నిన్నంతా సంతోషంగా ఉన్నాను" అని కూడా అంటాం కదండీ? అది బతుకు గురించి కాదే!

జవాబు: నిజమేనండీ, మంచి ఉదాహరణ. అక్కడ "నిన్నంతా" అన్న మాట హద్దు గీస్తోంది. ఆ హద్దు లేకపోతే అప్పటి మూడ్ జవాబులోకి చొరబడవచ్చు. 1983లో మనస్తత్వవేత్తలు ష్వార్ట్జ్, క్లోర్ ప్రచురించిన అధ్యయనంలో, ఎండకాసిన రోజు ఫోన్లో జవాబిచ్చినవాళ్ళు వాన రోజు జవాబిచ్చినవాళ్ళకంటే తమ జీవితం బాగుందన్నారు. ముందుగా వాతావరణం ప్రస్తావన తెస్తే ఆ తేడా పోయింది. తర్వాత లక్షలమంది జవాబులు తిరగేసినవారికి వాతావరణం ప్రభావం కనబడలేదు కాబట్టి దాన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు. కానీ ప్రశ్నలో కాలం చెప్పాలన్నది మాత్రం గట్టిగా పట్టుకోవాల్సిందే.

నేనైతే భావానికి "నిన్న మీకు ఎక్కువసేపు సంతోషంగా అనిపించిందా?" అని, జీవితానికి "మొత్తంమీద చూసుకుంటే మీ జీవితం పట్ల తృప్తిగా ఉన్నారా?" అని రాస్తాను. "మీరు సంతోషంగా ఉన్నారా?" అని ఒట్టిగా వదిలేస్తే ఒకరు ఈ పొద్దుటి గురించి, ఇంకొకరు గడిచిన పదేళ్ళ గురించి చెబుతారు. ఆ రెండు అంకెలనూ కూడి సగటు తీస్తే దానికి అర్థమే ఉండదు.