చిన్న తరగతుల పిల్లలకు రీసైక్లింగ్ చేయించి చూపించాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (ఒకటో తరగతి టీచర్):
నమస్కారమండీ. మాది ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. ఒకటి, రెండు తరగతులు కలిపి నేనే చూస్తాను. తడి చెత్త, పొడి చెత్త చార్టు గోడకి తగిలించాను. పిల్లలు గడగడా అప్పజెబుతారు, ఇంటర్‌వెల్ అవగానే చిప్స్ కవర్లు కిటికీలోంచి బయటికి! చేతులతో చేయించే పనులుంటే చెప్పండి. ఖర్చు పెట్టే వీల్లేదు. ప్లాస్టిక్ సీసాలతో పెన్‌స్టాండ్లు చేయించమంటున్నారు, అవి చాలా?

జవాబు (రిటైర్డ్ హెచ్‌ఎం):
పెన్‌స్టాండు చేయించండి మేడమ్, కానీ దాన్ని రీసైక్లింగ్ అనకండి. సీసా సీసాగానే ఉంది. పైగా మెరుపు కాగితం అంటించాక పాత సామాన్ల అతను కూడా దాన్ని పక్కన పడేస్తాడు. పాత వస్తువు రూపు మారడం పిల్లలు చూడాలి. బళ్లో అది కాగితంతో తేలిగ్గా కుదురుతుంది.

నిండిపోయిన నోటుపుస్తకాల పిన్నులు మీరు పీకేసి, కాగితాలు పిల్లలకివ్వండి. చింపమంటే వద్దనేవాళ్లుండరు. గోరంత ముక్కలు చేసి బకెట్లో రాత్రంతా నానబెట్టాలి. మర్నాడు పిల్లలే పిసుకుతారు. ఇంకా మెత్తగా కావాలంటే నీళ్లు ఎక్కువ పోసి, వంటకి వాడని పాత మిక్సీలో మీరే తిప్పండి. వెడల్పు టబ్బులో పల్చటి మజ్జిగలా కలపండి. పాత పలక చట్రానికి దోమతెర ముక్క బిగించి, టబ్బులో ముంచి సమంగా పైకెత్తితే నీళ్లు కారిపోయి గుజ్జు పొరగా నిలుస్తుంది. దాన్ని నూలుగుడ్డ మీద బోర్లించి, పైన ఇంకో గుడ్డ వేసి అద్ది, ఆరనివ్వాలి. గుజ్జులో కాస్త గంజి కలిపితే సిరా అంతగా పాకదు. న్యూస్‌పేపర్ వేస్తే బూడిదరంగు వస్తుంది, అదీ బాగానే ఉంటుంది. మొదట్లో అట్టలా మందంగా వస్తుంది, దాని మీదే పేర్లు రాయించండి. ముసురు రోజుల్లో మాత్రం పెట్టుకోవద్దు, ఆరదు.

"మళ్లీ మళ్లీ ఇలాగే చేయొచ్చా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. చేసిన ప్రతిసారీ కాగితంలోని నార పొట్టిదవుతుందని, అందుకే మిల్లుల్లో కొత్త నార కలుపుతారని చెప్పండి.

జవాబు (రెండో తరగతి టీచర్):
మేం పాత సామాన్ల దుకాణం ఆట ఆడిస్తాం. ఆ బండి కేక పిల్లలందరికీ వచ్చు, ఒకరు అరుస్తూ వస్తే మిగతావాళ్లు బేరం! అట్టలు, సీసాలు, రేకు డబ్బాలు కడిగి తెమ్మంటాం. అంచులు కోసుకుపోకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలే. అయస్కాంతం పెడితే ఇనుప రేకు అంటుకుంటుంది, అల్యూమినియం కూల్‌డ్రింక్ డబ్బా అంటుకోదు. రెండు బుట్టలూ అక్కడే వేరైపోతాయి.

ప్లాస్టిక్ వస్తువుల అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది, 1 నుంచి 7 వరకు. నీళ్లసీసా మీద 1, షాంపూ డబ్బా మీద ఎక్కువగా 2. అంకెల పాఠం కూడా అయిపోతుంది. అంకె ఉందంటే అది ఏ రకం ప్లాస్టిక్కో తెలుస్తుందంతే, తప్పకుండా రీసైకిల్ అవుతుందని కాదు. చిప్స్ కవరు దగ్గర మా 'దుకాణదారుడు' వద్దంటాడు. ఎందుకంటే దాంట్లో ప్లాస్టిక్, లోహం పొరలు అతికి ఉంటాయి, విడదీయడం కష్టం. మీ కిటికీ సమస్య గురించి అప్పుడు మాట్లాడండి, చెవికెక్కుతుంది.

ఒక్క మాట. తరగతిలో చెత్త ఏరే కుటుంబాల పిల్లలు ఉండొచ్చు. ఆటలో ఎగతాళి రానివ్వకండి. ఏది దేనికి పనికొస్తుందో ఆ పిల్లల్నే చెప్పమనండి, వాళ్లకి మనకంటే ఎక్కువ తెలుసు.

జవాబు (అంగన్‌వాడీ టీచర్):
బ్యాటరీలు, మందుల షీట్లు, గాజుముక్కలు, వాడిన మాస్కులు ముట్టనివ్వొద్దు మేడమ్. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. కాగితం పనితో మొదలుపెడతాను. మధ్యాహ్న భోజనం గుడ్ల పెంకులు, కూర తొక్కలు కుండలో వేసి ఎరువు చేయిద్దామని మొదలెట్టాం గానీ కంపు కొడుతోంది. మానేయమంటారా?

రిటైర్డ్ హెచ్‌ఎం:
మానొద్దమ్మా. తడి ఎక్కువై గాలి ఆడట్లేదు. కుండకి అడుగునా పక్కలా చిల్లులున్నాయో లేదో చూడండి. తొక్కలు ఒక వంతైతే ఎండాకులు రెండు మూడు వంతులు వేసి, కర్రతో కలపండి. పెంకులు నలిపి వేయండి, లేకపోతే త్వరగా కలవవు. మిగిలిన అన్నం, సాంబారు వేయకండి, ఎలుకలొస్తాయి. ఎండాకులు ఏరడానికి మీ దగ్గర మనుషులకి కొదవా!