సమస్య: ముక్కు పెరిగి పార్టి ముక్కలయ్యె

నిర్వాహకుడు (విజయనగరం): ఒక పార్టీకి కొమ్ముకాసే కార్టూన్ల సంపుటి తిరగేస్తుంటే తట్టిన ఆఖరి పాదం, పై మూడూ ఆటవెలదిలో మీరు పూరించాలి. అవతలి పార్టీ వాళ్ళవి ఏ పేజీ తీసినా ముక్కులే, సొంతవాళ్ళకి అసలు ముక్కులున్నాయో లేవో తెలీదు. పుస్తకం మీదా ఓ మాట చెప్పండి. "పార్టి" అని కుదించింది నేనే, దాని మీద కోర్టుకెళ్ళొద్దు.

నాగావళి:
గీతగాని కుంచె గీసిన బొమ్మల
నేత ముక్కు సాగి నింగి తాకె
చూచి పగలబడిరి సొంతవారలె ముందు
ముక్కు పెరిగి పార్టి ముక్కలయ్యె

వంశధార: నే-నిం, చూ-సొం యతులు బాగున్నాయి, పాదం మొదటి అక్షరానికి మధ్య అక్షరం చక్కగా జోడు కుదిరింది. కానీ "పగలబడిరి" ఏటండీ? పగలబడి నవ్వుతారు. నవ్వు ఎగిరిపోయి ఒట్టి పగలబడడం మిగిలింది. "చూచి నవ్వినారు" అంటే గణమూ నిలుస్తుంది, నవ్వూ దక్కుతుంది.

నాగావళి: సవరణ తీసుకున్నాను. మెచ్చుకోలు కూడా ఇలాగే పిసినారిగా ఉంటుందని తెలుసు.

బొబ్బిలి కోట:
నాస్టు గీసినట్టి నాఁటి యేనుఁగు బొమ్మ
తొండమెత్తి రెండు తోవలాయె
వేటగాఁడు పోయి వేరు కుంపటి వెట్టె
ముక్కు పెరిగి పార్టి ముక్కలయ్యె

నిర్వాహకుడు: ముక్కు పెరిగితే తొండం! ఇదీ విరుపంటే. అమెరికా రిపబ్లికన్లకి ఏనుగుని 1874లో హార్పర్స్ వీక్లీ పత్రికలో అంటగట్టింది కార్టూనిస్టు థామస్ నాస్టే. వేటగాడు థియోడర్ రూజ్‌వెల్ట్ కదా?

బొబ్బిలి కోట: ఆయనే. 1912లో రిపబ్లికన్ల నుంచి బయటికొచ్చి ప్రోగ్రెసివ్ పార్టీ పెట్టాడు, ఓట్లు చీలి అవతలి డెమొక్రాట్ విల్సన్ గెలిచాడు.

వంశధార: నాస్ట్ 1902లోనే పోయాడు. చీలిక ఆయన గీసినట్టు ధ్వనిస్తోంది.

బొబ్బిలి కోట: "నాఁటి యేనుఁగు" అన్నానండి. గీసినవాడు పోయినా ఏనుగు పోదు, కావాలంటే ఏనుగుల గుంపులతో వేగలేని సీతంపేట అరటి రైతుల్ని అడగండి. ఇక పుస్తకం సంగతి. పక్షం వహించడం తప్పు కాదు, నాస్ట్‌ని మించిన పక్షపాతి ఎవరు? కానీ 1871లో న్యూయార్క్ నాయకుడు ట్వీడ్‌ని గీసినప్పుడు ముక్కు సాగదీయలేదు. పొట్ట, కోటు ఆయనవే ఉంచి తల తీసేసి డబ్బు మూట పెట్టాడు, మూట మీద డాలరు గుర్తే మొహం. నింద దొంగతనం గురించి, మారిన అవయవమూ దానికి తగ్గదే. ఈ సంపుటిలో కరెంటు కోతకీ ముక్కే, ఫిరాయింపుకీ ముక్కే. పైగా బొమ్మల కింద తేదీల్లేవు. పదేళ్ళ తర్వాత ఆ ముక్కు ఎందుకు పెరిగిందో ఎవడు చెప్తాడు?

పలాస జీడిపప్పు:
తమది కాని పార్టి తల పెద్దదగునంట
తమదె యైన నేత దైవసముఁడు
ముక్కు పెంచిన వాఁడె మొనగాఁడటన్నారు
ముక్కు పెరిగి పార్టి ముక్కలయ్యె

రాజాం కుర్రాడు: రెండో పాదంలో త-దై యతి తప్పింది.

వంశధార: తప్పలేదు బాబూ. త థ ద ధ ఒక వర్గం, అ ఆ ఐ ఔ ఒక జట్టు. తప్పింది మూడో పాదంలో. ముక్కు, పెంచి, తర్వాత "న వాఁ". లఘువు తర్వాత గురువొస్తే లగం, అది అక్కడ రావాల్సిన సూర్యగణం ఎప్పుడైంది? "పెంచువాఁడె" అనండి, సరిపోతుంది. మొదటి రెండు పాదాల్లో పుస్తకం మొత్తం వచ్చేసింది, అది మాత్రం ఒప్పుకోవాలి.

నాగావళి: గణాల గురించి తమరా చెప్పేది! ఉగాది పూరణలో "నవ ప్రభాతము" అని రాసి, జంటాక్షరం "ప్ర" ముందున్న "వ"ని లఘువు చేసిందెవరో?

వంశధార: విడిగా రాశాను కదా. "మంచి ప్రజ"లో "చి" లఘువు కాదా?

నాగావళి: అది తెలుగు మాట పక్కన వచ్చిన మాట. "నవప్రభాతము" సంస్కృత సమాసం. మధ్యలో ఖాళీ వదిలితే సమాసం విడిపోదు, "వ" గురువే.

బొబ్బిలి కోట: అప్పుడే చెప్పాను, అందరూ "ఆహా" అని ఊరుకున్నారు.

నిర్వాహకుడు: ఉగాది వెళ్ళి చాలాకాలమైంది. పలాస వారు మూడో పాదం సవరించి మళ్ళీ పెట్టండి.

పలాస జీడిపప్పు: పెడతాను. "పార్టి" హ్రస్వం మీద మాత్రం నాకు అనుమానం ఉంది.